ఊటమ్మతో పొయ్యొస్తానని అనకండి

ఊటమ్మకు ఉన్నది ఒకటే జబ్బు. ఎవరైనా "పొయ్యొస్తానమ్మా" అని గేటు దాటితే, వాళ్ళు నిజంగానే పోయి నిజంగానే వస్తారని నమ్ముతుంది. నమ్మి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. "ఎప్పుడు?" అని అడుగుతుంది.

మన వైపు పుట్టినవాళ్ళెవరికీ ఆ ప్రశ్న తట్టదు. బయలుదేరేటప్పుడు పోతాను అనకూడదు కాబట్టి పొయ్యొస్తాను అంటాం. అందులో పోవడం నిజం, రావడం మర్యాద. నక్కలదొరువులో ఆ మర్యాదకు గడువు అడిగిన మనిషి ఊటమ్మ ఒక్కతే.

ఆవిడ అసలు పేరు ఊటె. జర్మనీకి ఉత్తరాన, సముద్రం పక్కన, కనుచూపు మేర బల్లపరుపుగా ఉండే నేల మీద ఆవులూ బంగాళాదుంపలూ పెంచుకునే రైతుల బిడ్డ. ఓడల్లో ఇంజనీరుగా తిరిగిన చంద్రమౌళిని అక్కడి రేవుపట్నంలో పెళ్ళాడింది. ఆయన రిటైరై, సొంత ఊళ్ళో వరి పండించుకుంటూ బతుకుతానంటే సరేనని వెంట వచ్చింది. నక్కలదొరువు అల్లూరుకు తూర్పున ఉంటుంది. అక్కడి ఇసుకలో మనిషి లోతు గుంట తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరుతాయి. ఆ గుంటనే దొరువంటారు. కొత్త కోడలి పేరు ఊటె అని వినగానే చంద్రమౌళి మేనత్త కామాక్షమ్మ, "ఊటమ్మా? బాగుందబ్బా, నీళ్ళకు కరువుండదు" అని అక్కడికక్కడే ఖాయం చేసేసింది.

ఆ కామాక్షమ్మే జబ్బు కూడా అంటించింది. వచ్చిన కొత్తల్లో ఒక సాయంత్రం ఊటమ్మ ఆమె ఇంట్లో కూర్చుని, లేచి, అప్పుడే నేర్చుకున్న తెలుగులో "నేను పోతాను" అంది.

"పోతాననకూడదు తల్లీ. పొయ్యొస్తా అనాల."

"ఎందుకు రావాలి? ఇంటికి పోయి నిద్రపోతాను."

"నిద్రపోతే పో. నోటితో మటుకు వస్తానని అను."

"అబద్ధం చెప్పాలా?"

"అబద్ధం కాదు మేయ్, మర్యాద."

"తేడా ఏంది?"

కామాక్షమ్మ గమ్మున లోపలికి పోయి చింతకాయ పచ్చడి గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. జవాబు తెలియని ప్రశ్నకు ఆమె పచ్చడి పెడుతుంది. ఊటమ్మ ఇంట్లో ఆ ఏడాది పచ్చళ్ళకు కొదవ లేకపోయింది.

చంద్రమౌళి భార్యకు ఇంకొక మర్యాద కూడా నేర్పాడు. మనిషిని మీరు అనాలి, పేరు చివర గారు పెట్టాలి. ఎవరికి పెట్టాలో, ఎవరికి అక్కర్లేదో చెప్పే పాఠం ఏ కారణం చేతో వాయిదా పడింది. దాంతో ఊటమ్మ అందరికీ పెట్టేసింది. గట్టు మీద ఎద్దు అడ్డం వస్తే "జరగండి" అంటుంది. ఎద్దు కూడా, ఏమాటకామాటే చెప్పుకోవాలి, మర్యాదగా జరుగుతుంది.

ఊటమ్మ పొలానికి పక్క పొలం చిన్నబాబుది. నలభై దాటిన మనిషి. ఊటమ్మ కథలు చెప్పడంలో అతని తర్వాతే ఎవరైనా. టీ కొట్టు దగ్గర నలుగురు చేరితే చాలు, "చిన్నబాబన్నా, ఒక్కసారి ఊటమ్మను దించు" అనేవాళ్ళు. చిన్నబాబు లుంగీని చీర కుచ్చెళ్ళలా పట్టుకుని, మెడ కాస్త ముందుకు చాచి, కళ్ళు పెద్దవి చేసి, "పొయ్యొస్తానన్నారు. ఎప్పుడు?" అనేవాడు. టీ గ్లాసులు ఒలికిపోయేవి.

అతను ఎక్కువసార్లు చెప్పిన కథ లైన్‌మన్ వెంకటేష్‌ది. వెంకటేష్ ఊటమ్మ ఇంట్లో ఫ్యూజు వేసి, చేతులు దులుపుకుని, పొయ్యొస్తానమ్మా అన్నాడు.

"ఎప్పుడు?"

"ఏదో ఒక రోజమ్మా."

"ఏ రోజు?"

"ఆదివారం" అన్నాడు వెంకటేష్ తప్పించుకోవడానికి. ఆదివారం ఊటమ్మ కాఫీ పెట్టి, రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంది. సోమవారం సైకిలెక్కి అల్లూరులో ఆ మనిషి ఆఫీసుకు పోయింది. అక్కడి పెద్దాయన కంగారుగా లేచి, "ఏందమ్మా, కరెంటు లేదా?" అన్నాడు.

"కరెంటు ఉండాది. వెంకటేష్‌గారు లేరు."

అప్పటినుంచి వెంకటేష్ ప్రతి ఆదివారం నక్కలదొరువుకు వచ్చి కాఫీ తాగి పోతున్నాడు. ఆఫీసులో అతన్ని ఆదివారం అల్లుడు అంటారు.

భానుప్రియ కథ ఇంకా ఘోరం. పెంచలకృష్ణ కూతుర్ని వాకాడు అబ్బాయికి ఇచ్చారు. అప్పగింతలప్పుడు ఊరంతా ఏడుస్తోంది. పిల్ల వెక్కుతూ ఒక్కొక్కరికీ పొయ్యొస్తా పొయ్యొస్తా అని చెప్పుకుంటూ ఊటమ్మ ముందుకు వచ్చింది. "ఎప్పుడు?" అంది ఊటమ్మ, మైకు అవసరం లేని గొంతుతో. మగపెళ్ళివాళ్ళు బిగుసుకుపోయారు. పెంచలకృష్ణ వియ్యంకుడి ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కండువాలో పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు ఊటమ్మ వాకాడులో వాళ్ళ గుమ్మం ముందు తేలింది. "భానుప్రియగారు పొయ్యొస్తానన్నారు. రాలేదు. జ్వరమా?" అత్తమామలకు నవ్వాగలేదు. ఈ తెల్లామెను ఊరికే పంపలేక పిల్లనిచ్చి పంపారు.

ఇంక జనం జాగ్రత్త పడ్డారు. ఆ గేటు దాటడానికి ఎవరి ఉపాయం వాళ్ళది. ఒకాయన దగ్గి వెళ్ళిపోయేవాడు. ఒకామె ఆకాశం చూసి, "వడ్లు ఎండబోసినాను మేయ్" అని పరుగెత్తేది, వడ్లు లేని కాలంలో కూడా. ఎరువులు అమ్మేవాడు మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి నడిచి, గుళ్ళోంచి బయటికి వచ్చేవాడిలా మాయమయ్యేవాడు.

ఒకే ఒక్కరోజు ఊరంతా ఆ గేటు దాటి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అది చంద్రమౌళి పోయిన రోజు. చావింటి నుంచి కదిలేటప్పుడు పొయ్యొస్తాననరు. తలవంచుకుని ఒక్కొక్కరూ వెళ్ళిపోతుంటే ఊటమ్మ గేటు పట్టుకుని నిలబడింది. చివరికి కామాక్షమ్మను అడిగింది.

"ఒక్కరు కూడా వస్తాననలేదు. నామీద కోపమా?"

"కోపం కాదు తల్లీ. చావింటికి మళ్ళీ వస్తానంటే ఇంకొక చావు కోరినట్టు. అందుకని చెప్పకుండా పోవాల."

ఊటమ్మ రోడ్డు మీద పోతున్న జనం వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "సరే. చెప్పబాకండి. చెప్పకుండా రండి."

ఊరు సిగ్గుతో చచ్చిపోయింది. ఆ మర్నాటి నుంచి చాలాకాలం ఆ ఇంట్లో ఎవరో ఒకరు, చెప్పకుండా, కూరగిన్నెతో కూర్చునే ఉన్నారు. తన దేశానికి పోతుందనుకున్న మనిషి పోలేదు. మోకాళ్ళదాకా గమ్‌బూట్లు తొడుక్కుని, చీర దోపుకుని, మొగుడి మూడెకరాల మడిలోకి దిగింది.

ఇక చిన్నబాబు సంగతి. నక్కలదొరువులో అందరూ వరి పెడితే అతను రెండేళ్ళ కిందట తన పొలాన్ని రొయ్యల గుంట చేశాడు. ఒక పక్క పొలం పద్మనాభయ్యది, రెండో పక్కది ఊటమ్మది. ఉప్పునీళ్ళు మా మడుల్లోకి వస్తాయేమోరా అని పద్మనాభయ్య అన్నప్పుడు చిన్నబాబు రొమ్ము మీద చెయ్యేసుకుని, "నేనుండాను కదన్నా" అన్నాడు. ఆ మాట నిజమే. ఉన్నాడు. కాని ఉండవలసిన చోట లేడు.

సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం మోటారు వేసి, ఉప్పుటేటి నుంచి గుంటకు నీళ్ళు పెట్టి, గుంట నిండేలోగా ఒక టీ తాగొద్దామని కొట్టు దగ్గరికి పోయాడు. అక్కడ ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. "ఊటమ్మను దించన్నా, ఈయన చూళ్ళేదు" అన్నారు. చిన్నబాబు దించాడు. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి దించాడు. ఆ పూట అతను ఎప్పుడూ లేనంత బాగా చేశాడు. లైన్‌మన్‌నీ, పెంచలకృష్ణనీ, దారివ్వమంటే ఇచ్చే ఎద్దునీ కూడా దించాడు. తిరిగి పోయేసరికి గుంట పొంగి, గట్టు జారిపోయి, ఉప్పునీళ్ళు పక్క మడుల్లో మెరుస్తున్నాయి. రెండు పొలాల్లోనూ పైరు కంకి వెయ్యబోతూ పొట్ట మీద ఉంది.

నాలుగు రోజుల్లో పైరు ఎర్రబడింది. పద్మనాభయ్య వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఊళ్ళో అంత నోరు మరొకరికి లేదు. ఆయన తిట్లకు పక్కవీధి పిల్లలు చెవులు మూసుకుంటారు. చిన్నబాబు తలవంచుకుని సిద్ధంగా నిలబడ్డాడు. పద్మనాభయ్య ఒక్క మాట కూడా అనలేదు. కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఊటమ్మ మడిలోకి దిగి, వేలు ముంచి, నోట్లో పెట్టుకుని, "ఉప్పు" అంది. అంతే.

తిట్టి ఉంటే చిన్నబాబుకు కాస్త తెరిపిగా ఉండేది. ఎవరూ తిట్టలేదు. టీ కొట్టు దగ్గరికి పోతే జరిగి చోటిచ్చారు. ఊటమ్మను దించమని ఎవరూ అడగలేదు. ఆ మౌనంలో మోటారు మోగుతూనే ఉన్నట్టు వినిపించేది అతనికి. ఎవరి పొలం మునుగుతుంటే తాను ఎవరిని దించుతున్నాడో ఆ మాట భార్య వనజాక్షికి కూడా చెప్పలేకపోయాడు. జువ్వలదిన్నె రేవులో పడవలకు ఐసు ఎక్కించే పని ఉందని విని, తెల్లారి బస్సుకు సంచి సర్దుకున్నాడు.

బస్సు దగ్గరికి పోవాలంటే ఊటమ్మ గేటు దాటాలి. ఆవిడ దొరువులోంచి రెండు చేతులా రెండు కడవలతో నీళ్ళు తెచ్చి వంగతోటకు పోస్తోంది. తల తిప్పకుండా పోదామనుకున్నాడు. కాని నలభై ఏళ్ళ అలవాటు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"పొయ్యొస్తానమ్మా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఊటమ్మ కడవలు దించింది.

"ఎప్పుడు, చిన్నబాబుగారు?"

"వచ్చే వారం" అన్నాడు. ఊరిని నవ్వించడానికి వెయ్యిసార్లు అడిగిన ప్రశ్న తనను అడిగితే ఇంత కష్టంగా ఉంటుందని అతనికి తెలియదు.

వచ్చే వారం వచ్చి, పోయింది. ఇంకొకటి పోయింది. వనజాక్షి ఫోన్ చేస్తే, పని ఎక్కువగా ఉందన్నాడు. "ఎన్నాళ్ళు దాక్కుంటావు?" అంది ఆమె. "దాక్కోలేదు, ఐసు కొడుతుండా" అన్నాడు. ఐసు గడ్డలు కొట్టి కొట్టి చేతులు మొద్దుబారేవి. అది అతనికి బాగానే ఉండేది. మొద్దుబారవలసినది చేతులు కాదు కాని, దొరికినదానితో సరిపెట్టుకున్నాడు.

ఒక మిట్టమధ్యాహ్నం షెడ్డులో పని ఆగిపోయింది. రేవు మీద ఒక పొడుగాటి తెల్లామె, నెరిసిన జుట్టు ముడివేసుకుని, తాటాకు టోపీ పెట్టుకుని, మోకాళ్ళదాకా గమ్‌బూట్లతో, పడవ పడవకూ తిరుగుతూ అడుగుతోంది. "చిన్నబాబుగారు ఉండారా? చిన్నబాబుగారు?"

మేస్త్రీ తిమోతి షెడ్డులోకి తొంగి చూశాడు. "మన చిన్నబాబు ఎప్పుడు గారు అయినాడబ్బా?"

చిన్నబాబు ఐసు గడ్డల చాటుకు జరిగాడు. ఐసు గాజులా ఉంటుందనీ, దాని చాటున మనిషి కనిపిస్తాడనీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఊటమ్మ నేరుగా వచ్చి ఎదుట నిలబడింది.

"పొయ్యొస్తానన్నారు."

"అన్నానమ్మా."

"వచ్చే వారం అన్నారు."

"అన్నాను."

"నేను రెండు వారాలూ కాఫీ పెట్టినాను. చల్లారిపోతే మళ్ళీ పెట్టినాను. కామాక్షమ్మగారు తాగి తాగి నిద్ర పట్టటం లేదంటుండారు."

షెడ్డంతా గొల్లుమంది. "తప్పు చిన్నబాబూ, కాఫీ చల్లార్చటం తప్పు" అన్నాడొకడు. "గారూ అనరా" అని ఇంకొకడు దిద్దాడు. చిన్నబాబు చెవులు కాలిపోతుంటే ఆవిడను బతిమాలి పక్కనున్న టీ బంకు దగ్గరికి తీసుకుపోయాడు. తిమోతి కూడా వెంట వచ్చాడు, టీ మీద ప్రేమతో కాదు.

"నేను రాలేనమ్మా" అన్నాడు చిన్నబాబు నేల చూస్తూ. "ఏ ముఖం పెట్టుకుని రమ్మంటారు?"

ఊటమ్మ అతని ముఖాన్ని పరీక్షగా చూసింది. "ఇదే. ఇంకొకటి ఉండాదా?"

తిమోతి టీ పొలమారింది.

ఇంక దాచి ఏం లాభమని చిన్నబాబు నోరు తెరిచాడు. "మీకు తెలీదమ్మా. ఆ పొద్దు మోటారు వేసి నేను టీ కొట్టు కాడ ఉండాను. ఆడ నేను..."

"నన్ను దించుతుండారు. తెలుసు."

చిన్నబాబుకు నేల చీలితే బాగుండుననిపించింది. జువ్వలదిన్నె నేల ఇసుక, చీలదు.

"బాగా చేస్తారని అందరూ చెప్తారు" అంది ఊటమ్మ. "నాకు ఒక్కసారి కూడా చూపించలేదు. ఇప్పుడు చేయండి."

"వద్దమ్మా."

"చేయండి. బస్సుకు టైముంది."

"చెయ్యవయ్యా, పెద్దామె అడుగుతుండాది" అన్నాడు తిమోతి.

చిన్నబాబు లేచి నిలబడ్డాడు. నక్కలదొరువు మొత్తాన్ని నవ్వించినవాడు లుంగీని కుచ్చెళ్ళలా పట్టుకుని, మెడ చాచి, ఏడుస్తున్నట్టే, "పొయ్యొస్తానన్నారు. ఎప్పుడు?" అన్నాడు.

ఊటమ్మ నవ్వలేదు. కుండ కొనేటప్పుడు తట్టి చూసే మనిషిలా చూసింది. "మెడ నేను అంత చాచను. కోడి చాస్తుంది. ఇంకా, ఎప్పుడు అనేది కోపంగా అంటుండారు. నేను కోపంగా అనను."

"లేదమ్మా, మీరు అనరు."

"మరి దిద్దుకోండి."

తిమోతి కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. రేవులోకి పడవ వస్తోంది. "నేను పొయ్యొస్తానమ్మా" అన్నాడు మర్యాదగా, దండం పెట్టి.

అయిపోయిందనుకున్నాడు చిన్నబాబు. ఎప్పుడు అని అడుగుతుంది, పాపం తిమోతి ఆదివారం అంటాడు, ఇంక ఈ జన్మకు తిమోతి బతుకు ఆదివారాలపాలు.

"మంచిది తిమోతిగారు" అంది ఊటమ్మ. టీ ఊదుకుని తాగింది.

తిమోతి వెళ్ళిపోయాడు. చిన్నబాబు ఆవిడ వైపు చూశాడు. మళ్ళీ చూశాడు.

"అమ్మా, ఆయన పొయ్యొస్తానన్నాడు."

"అన్నారు."

"మీరు అడగలేదే?"

"ఆయన ఎందుకు రావాలి? ఆయనకు ఇక్కడ పని ఉండాది. అది ఊరికే మర్యాద కదా."

టీ బంకు మీది రేకు గాలికి టపటపా కొట్టుకుంది.

"అంటే మీకు తెలుసా?"

"కామాక్షమ్మగారు ఎప్పుడో చెప్పినారు. పచ్చడి కూడా పెట్టినారు."

"తెలిసి కూడా ఇన్నేళ్ళూ..."

"ఎవరికీ చెప్పబాకండి" అంది ఊటమ్మ. "నాకు తెలుసని తెలిస్తే, ఈమెకెందుకు మన ఇంటి సంగతి అంటారు. కోపం వస్తుంది. ఇప్పుడైతే నవ్వుతారు. నవ్వినవాళ్ళు తలుపు తీస్తారు."

తర్వాత గ్లాసు కింద పెట్టి, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. "మా ఊళ్ళో కూడా సముద్రం కట్ట తెగింది, నా చిన్నప్పుడు. పొలాలన్నీ ఉప్పు. ఆ కట్టకు కాపలా మా బాబాయి. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన సంచి తీసుకుని పోయినాడు. మా భాషలో కూడా పోయేటప్పుడు మళ్ళీ చూద్దాం అంటారు. ఆయన అన్నాడు."

"వచ్చినాడా?"

"ఎప్పుడని ఎవరూ అడగలేదు. నేను చిన్నదాన్ని, నాకు అడగడం తెలీదు." లేచి టోపీ సర్దుకుంది. "ఇప్పుడు బాగా వచ్చు. రండి, బస్సు."

పద్మనాభయ్యకు నీ ముఖం చూపించు, క్షమించమని అడుగు, ఊరు మరిచిపోతుంది, ఇలాంటివి ఆవిడ ఒక్కటీ అనలేదు. పొయ్యొస్తానన్న మనిషి రావాలి, అంతే. చిన్నబాబు తిమోతికి చెప్పి, సంచి తెచ్చుకుని బస్సెక్కాడు. ఎవరో రమ్మని బతిమాలితే వచ్చేవాడు కాదు. ఎవరైనా జాలిపడితే సముద్రంలోకైనా పోయేవాడు. ఇచ్చిన మాట కోసం పోవడం వేరు. దానికి తల కొంచెం ఎత్తుకోవచ్చు.

బస్సులో ఊటమ్మ కిటికీకి ఆనుకుని నిద్రపోయింది. చిన్నబాబు పాత కథలన్నీ ఒకసారి తిరగేసి చూసుకున్నాడు, ఎన్నిసార్లో చెప్పిన కథలు. లైన్‌మన్ వెంకటేష్ తల్లి నక్కలదొరువులోనే పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. అన్నతో తగువు పడి వెంకటేష్ ఆ గడప తొక్కడం మానేశాడు. ఊటమ్మ దగ్గర కాఫీ తాగినవాడు రెండిళ్ళ అవతలున్న తల్లిని చూడకుండా ఎట్టా పోతాడు? భానుప్రియను పుట్టింటికి పంపడానికి అత్తగారు ఏదో ఒక వంక పెడుతోందని పెంచలకృష్ణ భార్య చాటుగా ఏడ్చేది. ఎరువులు అమ్మేవాడిని మాత్రం ఊటమ్మ ఏనాడూ ఎప్పుడని అడగలేదు. వాడే భయపడి వెనక్కి నడిచేవాడు. ఇంత కథ తన కళ్ళముందు జరిగితే తను మెడ ఎంత చాచాలో మాత్రమే చూశాడు. చిన్నబాబుకు మళ్ళీ సిగ్గేసింది. కాని ఇది ఐసు అక్కర్లేని సిగ్గు.

నక్కలదొరువులో బస్సు సరిగ్గా టీ కొట్టు ముందు ఆగుతుంది. సాయంత్రం వేళ, కొట్టు నిండుగా ఉంది. పద్మనాభయ్య కూడా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చిన్నబాబు కాళ్ళు బస్సు మెట్టు మీదే ఉండిపోయాయి.

ఊటమ్మ ముందు దిగింది. దిగి, నడిరోడ్డు మీద నిలబడి, ఊరికంతటికీ వినపడేలా ప్రకటించింది. "చిన్నబాబుగారు పొయ్యొచ్చినారు. ఆలస్యం. అయినా వచ్చినారు."

కొట్టు మొత్తం పగలబడి నవ్వింది. "జువ్వలదిన్నె దాకా పోయి పట్టుకొచ్చినావామ్మా?" "కాఫీ పెట్టు, కామాక్షమ్మకు తప్పుతుంది" అంటూ అందరూ ఆవిడ మీద పడ్డారు. ఆ నవ్వుల్లో చిన్నబాబు ఎప్పుడు బస్సు దిగాడో, ఏ ముఖంతో దిగాడో ఎవరూ చూడలేదు.

పద్మనాభయ్య ఒక్కడే నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, చిన్నబాబు వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"రేపు కాలవ నీళ్ళు మన వంతు. మడినిండా పెట్టి, ఏట్లోకి వదలాల. ఉప్పు దిగేదాకా అదే పని. పార తెచ్చుకో."

నా వంతు అనలేదు. మా వంతు కూడా అనలేదు. మన వంతు అన్నాడు.

"అన్నా, నేను..." అన్నాడు చిన్నబాబు.

"పొద్దున్నే" అని పద్మనాభయ్య లేచి వెళ్ళిపోయాడు.

ఇంటి దగ్గర వనజాక్షి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "చేపల వాసన" అంది. నీళ్ళ చెంబు అందించి, లోపలికి పోయి ఉల్లిపాయలు తరిగింది. వాటి వంకతో కాసేపు కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ముగ్గురూ మడిలో దిగారు. కాలవ నీళ్ళు బుడబుడమంటూ వస్తున్నాయి. చిన్నబాబు గండి తవ్వుతున్నాడు, ఊటమ్మ గమ్‌బూట్లతో గట్టు తొక్కుతోంది. పద్మనాభయ్య పార పట్టుకుని ఇద్దరినీ చూస్తున్నాడు. చిన్నబాబు పార తప్పుగా వేశాడు. నీళ్ళు పక్కకు జారాయి.

అంతే, నెల రోజులుగా నిలవ ఉన్నదంతా ఒక్కసారిగా తెగింది. పద్మనాభయ్య అందుకున్నాడు. చిన్నబాబు చేతివాటం దగ్గర మొదలుపెట్టి, అతని రొయ్యల్ని, మోటారుని, మోటారు చేసినవాణ్ణి, ఉద్యోగం వెలగబెట్టినట్టు జువ్వలదిన్నె పోవడాన్ని, తాతముత్తాతల దాకా ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించాడు. చిన్నబాబు తల వంచుకుని వింటున్నాడు. ఒక్కొక్క తిట్టుకూ ఒంట్లోంచి ఒక్కొక్క ఐసు గడ్డ కరిగిపోతున్నట్టుంది. ఊపు మీద పద్మనాభయ్య, పక్కవీధి పిల్లలు చెవులు మూసుకునే ఆ పెద్ద తిట్టు తిట్టాడు.

గట్టు మీద ఊటమ్మ తల ఎత్తింది.

"పద్మనాభయ్యగారూ, ఆ మాటకు అర్థం ఏంది?"

పద్మనాభయ్య నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. అరవై ఏళ్ళ మనిషి, మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమట పట్టే వేళ కాదది.

"అదేం లేదమ్మా. అది... పార. పారను అట్టా కూడా అంటాం."

"ఓ" అంది ఊటమ్మ. "అయితే ఆ పార నాకు కూడా ఒకటి ఇవ్వండి."

పద్మనాభయ్య వెనక్కి తిరిగి, అక్కర్లేని చోట గట్టు సర్దడం మొదలుపెట్టాడు. చిన్నబాబు నవ్వు ఆపుకోవడానికి వంగి రెండు చేతులూ నీళ్ళలో ముంచాడు. ఆ మడిలో ఆ పూట సిగ్గుపడుతున్నవాడు తను కాదు. ఆ తిట్టుకు అర్థం ఊటమ్మకు బ్రహ్మాండంగా తెలుసునని అక్కడ తెలిసినవాడు మాత్రం తనొక్కడే. చెప్పబాకండి అంది కాబట్టి చెప్పలేదు.